హరికిషను వైఫై విజయము

శనివార పూర్వాహ్ణమున, లష్కరను ముద్దుపేరు గల సికింద్రాబాదునందు, ఏ.ఎస్. రావు నగరు దుకాణపంక్తులకు వెనుక, మూడవ అంతస్తు ఫ్లాటులో, కీబోర్డుధురంధరుడును, యూట్యూబుపాఠపారంగతుడును, ఏ పనియు తుదముట్ట చేసి యెరుగనివాడు గావున ఓటమి యనునదే యెరుగనివాడును అగు హరికిషను, భార్య అనుపమ ల్యాప్‌టాపునుండి విండోసును సమూలముగా పెకలించి, లినక్సును ప్రతిష్ఠించి, మీసము దువ్వుచు కూర్చుండెను.

ఆమెను అడుగలేదు. వీరులు అడుగుదురా?

అనుపమ వచ్చి తెర చూచెను. వైఫై గుర్తే లేదు.

"ఏందిది? నెట్ ఏది? పదకొండింటికి నా ఇంటర్వ్యూ, యాదున్నదా? ఆరేండ్లకు వచ్చిన పిలుపు!"

గడియారము పదిన్నర చూపుచుండెను. హరికిషను గుండె జారెను గాని గొంతు జారలేదు.

"బెదరకుము, ప్రియా! విండోసు దాస్యమునుండి నిన్ను విడిపించితిని. ఘడియలో వైఫై నీ పాదాక్రాంతము కాగలదు!"

"గా నాటకం బంజేసి జెర పని చూడు. ఫోన్ల కాదు, ల్యాప్‌టాప్ల నెట్ మీదనే డిజైన్ చేసి చూపియ్యాలె."

అంతట నాతడు కాలమేఘమువలె నల్లనైన టెర్మినలును తెరచి, ఫోనులో చదివిన ఆజ్ఞలను రెండు చూపుడువ్రేళ్లతో ప్రయోగించెను. పాస్‌వర్డు ముమ్మారు తప్పెను. పాప మెరుగని రూటరును నాలుగుసార్లు ఆర్పి వెలిగించెను. తుదకు శత్రురహస్యము తెలిసెను: వైఫై పనిచేయుటకు డ్రైవరను చిన్న సాఫ్టువేరు కావలెను, ఆ డ్రైవరు దిగుటకు నెట్టు కావలెను!

చెమట ధారలు కట్టగా, "మొత్తం మళ్ల ఇన్‌స్టాల్ చేస్తా," అనెను. దేవభాష అప్పటికే ఆతని విడిచి పారిపోయెను.

"ముట్టకు! పక్కకు జరుగు."

అనుపమ ఛార్జింగు వైరుతో తన ఫోనును ల్యాప్‌టాపునకు కలిపి, ఫోనులో ఒక్క మీట నొక్కెను. నెట్టు వచ్చెను. అప్పటికి గడియారము పది గంటల యేబది యెనిమిది నిమిషములు చూపుచుండెను. ఆమె తలుపు మూసికొనెను. వీరుడు వంటింట ఉల్లిపాయలు తరిగెను.

పన్నెండింటికి తలుపు తెరచి, "సోమవారం నుంచి రమ్మన్నరు," అనుచు ఆమె నవ్వెను. ఆ నవ్వులో ఆతనికి పాలు లేదు.

అప్పుడు హరికిషను, భార్య ఫోనులోని నెట్టుతోనే డ్రైవరును దింపి, చూడగా, తెరమూలను వైఫై గుర్తు మొలిచి, నాలుగు గీతలలో రెండు వెలిగెను. దిక్కులారా, వినుడు! ఆ రెండు గీతల సామ్రాజ్యమునకు హరికిషను ఏకచ్ఛత్రాధిపతి యయ్యెను.