మంత్రిగారి హామీని కాపాడిన లాయరు

ఆత్మకూరు బస్టాండు ఎదుట సభ పెట్టి, మంత్రి కామయ్యగారు దేశంలో ఇంతవరకూ ఎవరికీ తట్టని ప్రకటన చేశారు. 'ఇంటింటికీ పెన్న నీళ్ళు' అనే తమ హామీని ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించారు. ఇక ఆ హామీ మరొకరు ఇవ్వడానికి వీల్లేదు. ఈ ఘనకార్యం చేసిపెట్టిన లాయరు రాజమోహన్ ఉదయగిరి బిడ్డ. బెంగుళూరులో సబ్బుల పేర్లు కాపాడి కాపాడి, ఇప్పుడు సొంతగడ్డను కాపాడటానికి వచ్చాడు.

దుత్తలూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన కార్యకర్త ఓబులయ్య చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాడు. అతని ఊళ్ళో బిందెడు నీళ్ళకు మైలు నడవాలి. అయితేనేం, హామీని ఎవరూ ఎత్తుకుపోలేరు కదా అని కొండంత నిశ్చింత.

మొదటి నోటీసు ప్రతిపక్షానికి వెళ్ళింది. వాళ్ళు హడలిపోయి తమ హామీని 'గడపగడపకూ మజ్జిగ'గా మార్చుకున్నారు. రెండోది ఓబులయ్య ఇంటికే వచ్చింది. అతని కోడలు శీనమ్మ, ఆ సభ తర్వాత ఆడవాళ్ళను కూడగట్టి, మూలబడిన బోరు బాగుచేయించి, వీధిలో కొళాయి పెట్టించడమే నేరం.

రాజమోహన్ స్వయంగా కారు దిగి కొళాయి తిప్పాడు.

"నీళ్ళు వస్తున్నాయే!" అన్నాడు, దొంగ దొరికినట్టు.

"కొళాయి గదా సార్, వస్తాయి," అంది శీనమ్మ.

"హామీ మంత్రిగారిది. అమలు చేయడానికి మీరెవరు?"

"ఇవి పెన్న నీళ్ళు గాదు సార్, బోరు నీళ్ళు."

"ఇంకా ఘోరం. నకిలీ సరుకు!"

శీనమ్మ ఊరుకోలేదు. వాడని మార్కును కొట్టేయొచ్చని ఎవరో టీచరు చెబితే ట్రేడ్‌మార్కు ఆఫీసులో అర్జీ పెట్టింది. మార్కు పోతే కొళాయి నిలుస్తుంది. ఊరంతా ఆశగా చూసింది. విచారణనాడు రాజమోహన్ సాక్షిగా ఓబులయ్యనే నిలబెట్టాడు.

"మంత్రిగారు ఈ హామీ వాడారా?"

"వాడకేం సార్! మూడు ఎలక్షన్లు, ఊరూరా మైకులో వాడినారు."

"నీళ్ళు వచ్చాయా?" అధికారి అడిగాడు.

"సార్, రిజిస్టరు చేసింది హామీని. నీళ్ళను కాదు," అన్నాడు రాజమోహన్ వినయంగా.

మార్కు నిలిచింది. కొళాయికి సీలు పడింది. సీలు వేయించడానికి వచ్చిన కానిస్టేబులు జబీవుల్లా మాత్రం, ఆఖరి బిందె నిండేదాకా అటు తిరిగి ఫోను మాట్లాడుతూ నిలబడ్డాడు. రాజమోహన్ నిబంధనల అమలు చూసే రాష్ట్ర కంప్లయన్స్ సలహాదారు అయ్యాడు.

సాక్ష్యం చెప్పినందుకు మంత్రిగారు ఓబులయ్యకు శాలువా కప్పారు. అతను కాస్త ధైర్యం చేశాడు.

"అయ్యా, మీరే నీళ్ళిప్పిస్తే..."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "నాకు మాత్రం ఇయ్యాలని ఉండదా ఓబులయ్యా? ఇస్తే హామీ తీరిపోతాది, మార్కు పోతాదంట. లాయరు సారు ససేమిరా అంటా ఉండాడు."

"బాధపడమాకండయ్యా, మేం ఉండాం గదా," అని ఓబులయ్యే ఆయన్ను ఓదార్చి ఇంటికి వచ్చాడు.

"ఏమన్నాడు మామా?" అంది శీనమ్మ.

"పాపం, ఆయన చేతిలో ఏం లేదంట."

శీనమ్మ మామ భుజం మీది శాలువా తీసుకుని, చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద ఖాళీ బిందె ఎత్తుకుని బయల్దేరింది.