గుమ్మం మీద బాపూజీ

ఆ ఉదయం మల్కాజ్‌గిరిలో జోగారావు ఇంట్లో వేసుకున్న పథకం చాలా సులువైనది. పది గంటలకు రాంగోపాల్‌పేట్ నుంచి పెళ్లివారొస్తారు, పదిన్నరకల్లా మాట ఖాయమవుతుంది. పదకొండుకు సైరన్ మోగినప్పుడు ఆయన నిశ్చింతగా లేచి గాంధీగారికి రెండు నిమిషాల మౌనం పాటించుకోవచ్చు. ఈ జనవరి ముప్ఫై మౌనాన్ని ఆయన ఏనాడూ తప్పలేదు. ఇంట్లోవాళ్లనూ తప్పనివ్వలేదు.

"ఇవాళొక్కరోజు కూర్చుని పాటించండి. పిల్ల మనసుపడ్డ అబ్బాయి," అని బతిమాలింది భార్య వీరరాఘవమ్మ.

"బాపూజీకి కూర్చునా?" అని నొచ్చుకున్నాడాయన.

పెళ్లివారు పదింటికే వచ్చారు. కానీ వర్జ్యం వెళ్లేదాకా వీధి చివర కార్లోనే కూర్చున్నారు. తీరా లోపలికొచ్చి, కుశలప్రశ్నలయ్యాక, పిల్లాడి తండ్రి ఓంప్రకాశ్ గొంతు సవరించుకుని, "మా హరికిషన్ మీకు నచ్చిండా లేదా? జెర ఖుల్లా చెప్పుండ్రి," అనడమూ, సైరన్ మోగడమూ ఒక్కసారే జరిగాయి.

జోగారావు లేచి కళ్లు మూసుకున్నాడు. కూతురు మాధురీ లేచింది.

"ఏందీ, నచ్చలేదా?"

జోగారావు కళ్లలోంచి నీళ్లు మాత్రం జారాయి. పాపం, ఆయనకు ఏటా జారతాయి.

"ఏడుస్తుండేందయ్యా!" అని హడలిపోయింది పిల్లాడి తల్లి రజిత.

ఆ మాటకు వీరరాఘవమ్మ బజ్జీల గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నోరు విప్పితే భర్త మనసు విరిగిపోతుంది. అందుకని గరిటెతో గాంధీగారి పటాన్ని చూపించింది. ఆ పటం ఉన్నది సరిగ్గా వీధి గుమ్మం మీద.

"దర్వాజ చూపిస్తున్నరా! ఇంత బేఇజ్జతా? నడువుండ్రి!" అని ఓంప్రకాశ్ లేచాడు. వీరరాఘవమ్మ కంగారుపడి గరిటెను ఇంకా గట్టిగా ఆడించింది. ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. లోపల బజ్జీలు మాడాయి. మాధురి మూసిన కళ్లు తెరవలేదు. ఒక్క మాటతో అంతా సర్దుకునేది, ఆ ఒక్క మాటకే ఇంకా వేళ కాలేదు.

మళ్లీ సైరన్ మోగింది. జోగారావు కళ్లు తెరిచేసరికి కూతురి పక్కన హరికిషన్ తల వంచి నిలబడి ఉన్నాడు. గుమ్మంలోంచి తండ్రి పిలుస్తున్నా కదల్లేదు.

జోగారావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "బాబూ, నీకూ బాపూజీ అంటే ఇంత భక్తా?"

"అట్లేం లేదంకుల్. మాధురి నిలబడ్డది, నేను సుత నిలబడ్డ."

"నిజం చెప్పావు. బాపూజీకి అంతకంటే ఏం కావాలి?" అని జోగారావు గుమ్మం వైపు తిరిగి, "అబ్బాయి నచ్చాడు, బావగారూ!" అని కేకేశాడు. ఓంప్రకాశ్ ఒంటికాలి చెప్పుతోనే వెనక్కొచ్చి వియ్యంకుణ్ణి వాటేసుకున్నాడు.

పెళ్లి ముహూర్తానికి పంతులుగారు వర్జ్యం చూడబోతే వీరరాఘవమ్మ ఆపి, ఆ రోజు ఎవరి వర్ధంతి ఉందో ముందు చూడమంది.