దెబ్బ తగిలిందా? చెక్‌పోస్టుకు పదండి!

పోలీసు చెక్‌పోస్టులను తిట్టుకునేవాళ్లను చూస్తే నాకు జాలి. నక్సలైట్ల కోసమని కోరుట్ల, జగిత్యాల రోడ్డు మీద పెట్టిన ఆ డ్రమ్ములూ, ఇసుక బస్తాలూ ఏమిటనుకున్నారు? మన ఎమర్జెన్సీ వార్డులు!

నమ్మరా? పోయిన నెల నేనెక్కిన జీపులోనే కథలాపూర్ బుచ్చన్నను ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. (ఏ ఆస్పత్రో చెప్పను, రేపు నేనూ అక్కడికే పోవాలి.) కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడ్డాడు. కుడిచెయ్యి విరిగి వేలాడుతోంది. చెట్టెక్కేవాడికి చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది?

మొదటి చెక్‌పోస్టులో జీపు ఆపారు.

"పేరేంది? ఏ ఊరు? ఏడికి వోతున్నవ్?"

తలకు దెబ్బ తగిలినవాణ్ని డాక్టర్లు అడిగే ప్రశ్నలు ఇవే కదండీ! పట్టపగలే కళ్లలోకి టార్చి కొట్టారు. చొక్కా ఎత్తి పొట్ట నొక్కారు. పక్కటెముకలు తడిమారు.

"చేతులు మీదికెత్తు!"

ఒక్కటే లేచింది.

"రెండోదేది?"

"గది ఇరిగింది సారూ," అన్నది భార్య బాలమ్మ. "దాని బదులు నాది ఎత్తన్నా?"

చూశారా, ఎక్స్‌రే ఖర్చు లేకుండానే రోగం తేలిపోయింది! వయసు మళ్లిన ఒక కానిస్టేబుల్ తన లాఠీని ఆ చేతికి ఆనించి, తువ్వాలతో మెత్తగా కట్టాడు. బుచ్చన్న మూలుగు ఆగింది.

రెండో చెక్‌పోస్టులో ఆ తువ్వాల లోపల ఏం దాచాడోనని కట్టు విప్పారు. కట్టు ఎప్పటికప్పుడు మార్చాలి మరి! లోపల లాఠీ కనిపించింది.

"పోలీసు లాఠీ నీ దగ్గరికెట్ల వచ్చిందిరా?"

విచారణ గంటసేపు. రోగికి విశ్రాంతి అవసరమని వాళ్లకు ఎవరు చెప్పారో!

ఎట్టకేలకు ఆస్పత్రి చేరాం. అక్కడ పేరు అడిగినవాడు లేడు, చెయ్యి ముట్టినవాడు లేడు. కిటికీలోంచి కాంపౌండర్ తల మాత్రం బయటికి వచ్చింది.

"డాక్టర్ సారు రేపొస్తడు."

"అయితె మమ్ముల మల్ల చెక్‌పోస్టుకే తోలుండ్రి," అన్నది బాలమ్మ. "గాడ శెయ్యి వెట్టి సూసెటోళ్లన్న ఉన్నరు!"

డాక్టరుగారు మర్నాడు దయచేశారు. ఎముక అతుక్కుంది, వంకరగా. బుచ్చన్న చెట్టెక్కే మోకు ఇప్పుడు గోడకు వేలాడుతోంది.

అందుకే సర్కారుకు నాదొక మనవి. పోలీసులను ఆస్పత్రులకూ, డాక్టర్లను చెక్‌పోస్టులకూ బదిలీ చేయండి. ఆస్పత్రిలో రాత్రింబవళ్లు మనుషులుంటారు. చెక్‌పోస్టులో ఒక్కడూ ఉండడు, జీపు ఆగకుండా పోతుంది!