లేని గదికి తలుపు

ఆ సోమవారం పొద్దుటికి ప్రిన్సిపాల్ మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది. హాలు ఊడ్చాలి. బొమ్మల స్టాండ్లు వరసగా నిలబెట్టాలి. ఉన్న విద్యార్థులనే ఎడంఎడంగా కూర్చోబెట్టి ఎక్కువమంది ఉన్నట్టు కనిపించేలా చెయ్యాలి. వెనక గోడమీది చెమ్మ మచ్చ బిల్డింగు ఓనరు కంట పడకుండా చూసుకోవాలి. ఆయన వచ్చి, చూసి, వెళ్ళిపోతే గండం గడిచినట్టే.

ఆ ఏడాది ఆ బొమ్మల బడికి అస్సలు కలిసిరాలేదు. శిల్పం నేర్పే మాస్టారు వేసవిలో మానేసి కేకుల దుకాణం పెట్టుకున్నాడు. "అదీ చేతిపనే కదా మేడం" అని వెళ్తూ వెళ్తూ ఆవిడనే ఓదార్చాడు. వానలకు పైకప్పు కారి, ఆరబెట్టిన మట్టిబొమ్మలన్నీ మళ్ళీ మట్టయిపోయాయి. ఫోనులో వేలితో నొక్కితే బొమ్మ వచ్చేస్తుంటే ఏళ్ళ తరబడి గీతలు గీయడమెందుకని కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. ఇక మిగిలింది పొమ్మన్నా పోని రకం: రిటైరైన హెడ్‌క్లర్కు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేసే నర్సు, వాళ్ళలాంటివాళ్ళే ఇంకో గుప్పెడు మంది. ఏ కాలేజీకీ, ఏ ట్రస్టుకూ చెందని బడి అది. మేడం, ఆవిడ భర్త కలిసి నిలబెట్టుకున్నది. భర్త బొమ్మలు నేర్పుతాడు, ఆవిడ మిగతా ప్రపంచాన్నంతా చూసుకుంటుంది. అందుకే ఆయన్ని అందరూ మాస్టారు అంటారు, ఆవిడకి మాత్రం భయపడతారు.

ఆ హాలు పోతే బడి పోయినట్టే. ఉత్తరం వైపు నిలువెత్తు కిటికీలున్న హాలు అది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెలుగు మారదు, నీడ కదలదు. బొమ్మలేసేవాళ్ళకు అలాంటి చోటు వెతికి తెచ్చుకుందామన్నా దొరకదు. ఓనరుకి ఇదేమీ పట్టదు. ఆయనకి ఆ బిల్డింగు మామగారి తరఫున వచ్చింది. వచ్చిన కొత్తలో ఒక్కసారి మెట్లదాకా వచ్చి, మేడం ఏది చెప్పబోయినా "నాకు తెలుసు, నాకు తెలుసు" అంటూ పైకి ఎక్కకుండానే వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచీ విద్యార్థులు ఆయన్ని నాకుతెలుసు గారనే పిలుస్తారు, ఆయన లేనప్పుడు.

ఆయన వారం కిందట ఫోన్ చేశాడు. "చూడండమ్మా, జిమ్ము నడిపే ఆయనొకాయన హాలు కావాలంటున్నాడు. సోమవారం తీసుకొస్తా. ఆయనకి నచ్చితే మీరు ఖాళీ చెయ్యాలి. నచ్చకపోతే, గోడలవీ బాగానే ఉంచారనిపిస్తే, మళ్ళీ మీకే అద్దెకి రాసిస్తా."

మేడం రాత్రిళ్ళు నిద్రపోలేదు. వానాకాలమంతా ఆ మచ్చ పెరుగుతూనే వచ్చింది. హెడ్‌క్లర్కుకి అందులో ఏనుగు కనిపించేది, నర్సుకి ఊపిరితిత్తుల ఎక్స్‌రే కనిపించేది. మేడానికి మాత్రం సామాన్లు సర్దుకుంటున్న తామే కనిపించేవాళ్ళు. చివరికి శనివారం భర్తను కూర్చోబెట్టి చెప్పింది.

"ఏమండీ, ఆ మచ్చమీద తెల్లరంగు కొట్టెయ్యండి. తెల్లరంగు. ఇంకేం వద్దు."

"తెల్లరంగేగా" అన్నాడు మాస్టారు.

ఆ ధీమాతోనే ఆవిడ ఆదివారం అత్తగారిని తీసుకుని ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. అదే ఆవిడ చేసిన పొరపాటు.

సోమవారం పొద్దున్నే హాలు తాళం తీసి లోపల అడుగుపెట్టగానే, వెనక తలుపు ఎవరు తీసిపెట్టారా అనుకుంది. రెండడుగులు వేశాక, వెనక తలుపు ఎక్కడిది అనుకుంది. మూడో అడుగు పడలేదు. గోడమీద ఓరగా తెరిచిన తలుపు ఉంది. దాని వెనక పొడుగాటి గది, నేలమీద ఏటవాలుగా పడిన వెలుగు, మూలన చెక్క కుర్చీ, మేకుకి వేలాడుతున్న నల్ల గొడుగు. ఉత్తరపు కిటికీల్లోంచి వచ్చే వెలుగుకి సరిగ్గా కలిసిపోయి, ఆ గది ఎప్పట్నుంచో అక్కడే ఉన్నంత నమ్మకంగా ఉంది.

మాస్టారు కుంచెలు కడుగుతున్నాడు.

"తెల్లరంగే వేశాను" అన్నాడు ఆవిడ నోరు తెరవకముందే. "వేసినా మచ్చ కనబడుతూనే ఉంది. సరేనని గోధుమరంగు వేశా. చెక్కలా అనిపించింది. చెక్క వచ్చాక చట్రం ఉండాలి కదా. చట్రం వచ్చాక తలుపు మూసి ఉంటే హాలు మరీ ఇరుగ్గా అనిపించింది. అందుకని కాస్త తీశాను."

"ఆ గొడుగెందుకండీ?"

"వానాకాలం కదా."

ఆవిడకి ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. దాని వెనకే, తిట్టుకుంటూనే, గర్వమూ వచ్చింది. ఇంత బాగా బొమ్మ వేసే మనిషి భర్తగా దొరకడం అదృష్టమే కానీ, సున్నం కొట్టడం వచ్చిన మనిషి దొరికుంటే ఇవాళ సుఖంగా ఉండేది. "ఇప్పటికిప్పుడు దీనిమీద రంగు కొట్టండి" అందామనుకునేలోపు అత్తగారు వచ్చేసింది.

అత్తగారిని మేడమే రమ్మంది. విద్యార్థుల సంఖ్య పెరిగినట్టుంటుందని ఆవిడ చేతికో డ్రాయింగ్ బోర్డు ఇచ్చి వెనక కూర్చోబెట్టాలని పథకం. ఆవిడ మంచి బట్టలు కట్టుకుని, బోర్డు చంకన పెట్టుకుని, హుషారుగా వచ్చింది. కళ్ళజోడు మాత్రం పెట్టెలోనే ఉంది. వచ్చీరాగానే గుమ్మంలో ఆగిపోయింది.

"ఒరేయ్, ఇంత పెద్ద గది కట్టించి నాకొక్క మాట చెప్పలేదేంట్రా? నేనంత పరాయిదాన్ని అయిపోయానా?"

"అత్తయ్యా, అది గది కాదు..."

"నువ్వుండమ్మాయ్. వాడికి బుద్ధి లేకపోతే నీకైనా ఉండొద్దూ?" అంటూ ఆవిడ విసవిసా నడిచి గదిలోకి వెళ్ళబోయింది. ఠప్పుమని చప్పుడైంది. ఆవిడ నుదురు పట్టుకుని వెనక్కి వచ్చి హాల్లో ఉన్న కుర్చీలో కూలబడింది. బొమ్మ అని కొడుకూ కోడలూ ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. బాగా ఆలోచించి, "గుమ్మం మరీ పొట్టిగా పెట్టించావురా" అని తేల్చేసింది.

ఈలోగా విద్యార్థులు వచ్చి కూర్చున్నారు. మాస్టారు తెల్లరంగు డబ్బా మూత తీశాడు. మెట్లమీద బూట్ల చప్పుడు వినబడింది. మేడం ఆ డబ్బా లాక్కుని బల్ల కిందికి తోసి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఎదురెళ్ళింది.

నాకుతెలుసు గారి వెనక వచ్చిన మనిషి గుమ్మం నిండా ఉన్నాడు. భుజాలు చూసి హెడ్‌క్లర్కు అప్పటికప్పుడే కాగితం మార్చి గీయడం మొదలుపెట్టాడు. ఆయనే జిమ్ము యజమాని. ఊరంతా పహిల్వాన్ అంటారు. ఆయన హాలు నలువైపులా చూసి, వెనక గోడ దగ్గర చూపు ఆపాడు.

"అరె, వెనక ఇంకో గది కూడా ఉందా? మీరు చెప్పనే లేదే!"

నాకుతెలుసు గారు కూడా అటు చూశాడు. ఆయన కనుబొమలు ఒక్క క్షణం పైకి లేచి, మళ్ళీ కిందికి దిగాయి.

"నాకు తెలుసు. మీరే చూసి సంతోషపడతారని చెప్పలేదు."

"సార్, ఒక్క మాట..." అంది మేడం.

"మీరుండండమ్మా. నా బిల్డింగు గురించి నాకు చెబుతారా?"

మేడం పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యిలా ఉంది. నిజం చెబితే ఓనరు పరువు నలుగురిలో పోతుంది, ఆ కోపంలో బడిని వీధిలో పెడతాడు. చెప్పకపోతే పహిల్వాన్‌కి హాలు నచ్చుతుంది, అప్పుడూ వీధే. వెనకనుంచి మాస్టారు తల ఓ పక్కకి వంచి, "గడియ నీడ ఇంకాస్త ముదురుగా ఉండాల్సింది" అని తనలో తాను గొణుక్కుంటున్నాడు. ఆవిడ ఆయన కాలు గట్టిగా తొక్కింది.

పహిల్వాన్‌కి ఉత్సాహం పెరిగిపోయింది. "ఆడవాళ్ళ బ్యాచి ఆ గదిలో పెట్టొచ్చు. గాలొస్తుందా?"

"గాలా? నిలబడలేం" అన్నాడు నాకుతెలుసు గారు.

"బాత్రూమ్ ఉందా?"

"రెండున్నాయి."

నర్సు చేతిలోని పెన్సిలు కిందపడింది. హెడ్‌క్లర్కు దగ్గు నటించబోయి, నిజంగానే పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"ఆ గొడుగెవరిదండీ?" అన్నాడు పహిల్వాన్.

"మా మామగారిది" అన్నాడు నాకుతెలుసు గారు. ఆయన గొంతులో కాస్త బాధ కూడా పలికింది. "పాపం, దీనికోసం ఇల్లంతా వెతికాం."

"లోపలికి వెళ్ళి చూద్దాం పదండి."

నాకుతెలుసు గారు కదల్లేదు. లోపల ఏముందో ఆయనకేం తెలుసు! మేడం గబగబా వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది. "అటు వద్దండీ, అక్కడ రంగు ఇంకా తడిగా..." అంటుండగానే, పహిల్వాన్ ఆవిడ పక్కనుంచి దారి చూసుకున్నాడు. అప్పుడు లేచింది అత్తగారు, నుదుటిమీద బొప్పితో, సాటి మనిషిమీద జాలితో.

"బాబూ, తల జాగ్రత్త! గుమ్మం పొట్టి. నాకే తగిలింది, నువ్వింకా పొడుగ్గా ఉన్నావు. వంగు. ఇంకా వంగాలి. ఆ, ఇప్పుడెళ్ళు."

పెద్దావిడ మాట కాదనలేక పహిల్వాన్ నడుము వంచి, తల ముందుకు పెట్టి, జోరుగా వెళ్ళాడు.

కిటికీ అద్దాలన్నీ గల్లుమన్నాయి. స్టాండ్లమీది బోర్డులు రెండు కింద పడ్డాయి. పహిల్వాన్ నేలమీద కూర్చుని, ఎదురుగా ఉన్న వెలుగుని చేత్తో తడిమాడు. నర్సు తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తింది.

"ఇది గోడ!" అన్నాడు పహిల్వాన్.

"అవునండీ, మొదట్నుంచీ" అన్నాడు హెడ్‌క్లర్కు.

పహిల్వాన్ మెల్లిగా తల తిప్పి నాకుతెలుసు గారివైపు చూశాడు. "రెండు బాత్రూములన్నారు" అన్నాడు. "మామగారి గొడుగన్నారు" అన్నాడు.

నాకుతెలుసు గారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వారం రోజులుగా తనకి నిద్ర లేకుండా చేసిన మనిషి అలా దొరికిపోయి నిలబడితే, మేడానికి సంతోషం కలగాలి. కలగలేదు. బడి మూతపడుతుందేమోనన్న భయం దాచుకుని అందరి ముందూ తాను నవ్వుతూ తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు తన ముఖమూ ఇలాగే ఉండి ఉంటుంది.

"సార్‌కి ముందే తెలుసండీ" అంది ఆవిడ గట్టిగా. "మా ఆయన పనితనమెంతో చూడాలని సారే పరీక్ష పెట్టారు. ఎవరైనా నిజమని నమ్మితే నెగ్గినట్టు అన్నారు. మీకు దెబ్బ తగులుతుందనే అనుకోలేదు. కదండీ సార్?"

హాలంతా నాకుతెలుసు గారివైపు చూసింది. ఆయన మేడం వైపు చూశాడు.

"నాకు తెలుసు" అన్నాడు. ఆ మాట అంత మెత్తగా ఆయన నోట ఎవరూ వినలేదు.

పహిల్వాన్ లేచి నిలబడ్డాడు. ఆయన గోడ దగ్గరకు వెళ్ళి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరకు వెళ్ళి, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి గోడకి ఆనించిన బోర్డు ఇంకొకటి పడింది.

"మాస్టారూ, మా జిమ్ముకొచ్చేవాళ్ళదంతా ఒకటే గోల. ఇరుకు, ఊపిరాడటంలేదు అంటారు. అందుకే హాలు వెతుక్కుంటున్నా. నాకు కావాల్సింది హాలు కాదండీ, ఇలాంటి తలుపు! అటుపక్క ఓ పెద్ద మైదానం వేసిపెడతారా?"

"సముద్రం వెయ్యనా?" అన్నాడు మాస్టారు, కళ్ళు మెరుస్తుండగా.

"వెయ్యండి!"

"మా విద్యార్థులందరూ కలిసి వేస్తారు" అంది మేడం వెంటనే. "ఊళ్ళోవాళ్ళు చూసి నేర్చుకుంటామంటే, మా చిరునామా కూడా గోడమీదే రాస్తాం. కానీ గోడకి ముందు ఓ తాడు కట్టుకోండి."

పహిల్వాన్ తల తడుముకుంటూ సంబరంగా వెళ్ళిపోయాడు. నాకుతెలుసు గారు మాత్రం వెళ్ళలేదు. గోడ దగ్గర నిలబడి, గొడుగు పిడిమీద వేలు ఆనించి, చాలాసేపు చూశాడు.

"మా మామగారికి ఇలాంటి గొడుగే ఉండేదమ్మా. ఆ ఒక్కటీ అబద్ధం కాదు."

ఇంత జరిగాక మేడానికి ఇక దాచాలనిపించలేదు. "సార్, దీని కింద చెమ్మ మచ్చ ఉంది. పెద్దదే."

"నాకు తె..." అని ఆగిపోయాడాయన. "తెలీదు. ఎక్కణ్ణుంచి వస్తోంది?"

ఆవిడ పైకప్పు చూపించింది, వాన నీళ్ళ గొట్టం చూపించింది, ఉత్తరపు కిటికీల్లోంచి వచ్చే వెలుగు ఎందుకు అంత ముఖ్యమో చెప్పింది. ఆయన మొదటిసారి చివరిదాకా విన్నాడు. గొట్టం బాగుచేయిస్తానన్నాడు. హాలు మళ్ళీ వాళ్ళకే రాసిస్తానన్నాడు. మేడం అక్కడే స్టూలుమీద కూర్చుని ఏడ్చేసింది. నవ్వింది కూడా. హెడ్‌క్లర్కు చప్పట్లు కొట్టాడు. ఏం జరిగిందో తెలియకపోయినా అత్తగారూ కొట్టింది.

"ఒక్క షరతు" అన్నాడు నాకుతెలుసు గారు గుమ్మం దగ్గర ఆగి. "ఆ తలుపు అలా తీసి ఉంచకండి. ఎవరో ఒకరు తల పగలగొట్టుకుంటారు."

ఆ సాయంత్రమే మాస్టారు రంగులు కలుపుకుని కూర్చున్నాడు. కుర్చీ పోయింది, వెలుగు పోయింది. గొడుగుని చెరపడానికి మాత్రం చెయ్యి రాక, దాన్ని తలుపు బయటికి తెచ్చి తగిలించాడు. తలుపు పూర్తిగా మూసి, గడియ పెట్టి, గడియకి ఇత్తడి తాళం కూడా వేశాడు. నీడ ఈసారి సరిగ్గా కుదిరింది.

వానలు తగ్గాక నాకుతెలుసు గారు స్నేహితుడొకణ్ణి వెంటబెట్టుకుని బడి చూపించడానికి వచ్చాడు. విద్యార్థులతో హాలు నిండి ఉంది. స్నేహితుడు వెనక గోడవైపు చూసి, ఆ గదిలో ఏముందని అడిగాడు.

"పాత సామాన్లు" అన్నాడు నాకుతెలుసు గారు. "తాళంచెవి నా దగ్గరే ఉంది."