దొరవారి కలం చల్లగా ఉండాలి

ప్రతి దేశంలోనూ పెద్ద పెద్ద దొరలందరినీ పట్టుకొచ్చి, తలో కలమూ, తలో కట్ట కాగితాలూ చేతికిచ్చి, బలవంతంగానైనా సరే గ్రంథాలు రాయించాలి. ఇది నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి! పదకొండేళ్ళు ఒక దొరవారి కొలువులో రాయసం, అంటే రాతకోతల పని, చేసిన బార్నబీ క్రిచ్‌ని, ఊరికే అనడం లేదు.

మా వెండ్రిడ్జ్ దొరవారి సంగతే చూడండి. రాజుగారి మంత్రాంగ సభలో ఆయనకో కుర్చీ ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చేతులు దురదపెడతాయి. యుద్ధమైనా ప్రకటిస్తాడు, పన్నైనా వేస్తాడు, ఏమీ తోచకపోతే ఆదివారం పూట బంతాట ఆడకూడదని చట్టమైనా చేస్తాడు. అలాంటి మనిషి పొద్దుటినుంచి సాయంత్రం దాకా తన నాటకంలోని పారశీక రాణి కష్టాలు తలుచుకుని కన్నీరు కారుస్తూ కూర్చుంటే మనలాంటివాళ్ళకు ఎంత సుఖమో ఎప్పుడైనా ఆలోచించారా? రాణి కోసం ఏడుస్తున్నవాడు మన మీద పన్నులేం వేస్తాడు!

ఇంతవరకూ దొరవారి పేరున వెలువడినవి నాలుగు విషాద నాటకాలు, రెండు హాస్య నాటకాలు. ఏది విషాదమో, ఏది హాస్యమో మొదటి పేజీ చూస్తేగాని తెలియదు. ఇవికాక తోటల పెంపకం మీద ఒక పద్యకావ్యం, రాజనీతి మీద ఒక వ్యాసం, పోయిన కుక్క మీద తొమ్మిది శోకగీతాలు. కుక్క బతికున్నప్పుడు దాన్ని ఇంట్లోకి రానిచ్చేవారు కారు. అది వేరే సంగతి.

వీటివల్ల దేశానికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. ఒక పరదేశపు రాయబారి సముద్రంలో చేపలు పట్టే హక్కు తమదేనని పట్టుబట్టి మూడు వారాలు అందరూ జుట్టు పీక్కునేలా చేశాడు. చివరికి దొరవారు ఆయన్ని భోజనానికి పిలిచి, మంచి ఎద్దుమాంసం పెట్టించి, తలుపులు వేయించి, తన నాటకం చదవడం మొదలెట్టారు. మూడో అంకం అయ్యేసరికి రాయబారి మొహం వాడిపోయింది.

"ఇంకా ఎన్ని అంకాలున్నాయండీ?" అని అడిగాడు.

"రెండే!" అన్నారు దొరవారు సంతోషంగా.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు రాయబారి.

ఫిరంగులతో సాధించలేనిది పద్యాలతో సాధించారా లేదా? లండన్ వంతెన దగ్గర మాంసం రొట్టెలు కాల్చే ఒకావిడ ఉంది. దొరవారి పుస్తకాల్లో అమ్ముడుపోని ప్రతుల్ని తూకానికి కొని రొట్టెల అడుగున వేస్తుంది. అచ్చుకూటానికి వెళ్ళినప్పుడల్లా నన్ను ఆపి, "బాబూ, ఈయనగారి కాగితం మందం, మాడదు. ఇంకా రాస్తారా?" అని అడిగేది. రాస్తారమ్మా అంటే, "ఆ మహానుభావుడి కలం చల్లగా ఉండాలి!" అని చేతులెత్తేది. దొరవారికి నిజంగా అభిమాని ఎవరైనా ఉంటే ఆవిడొక్కతే.

ఇక దొరవారు రచన చేసే పద్ధతి చూసి తీరవలసిందే. పొద్దున్నే పట్టు అంగీ తొడుక్కుని, కప్పుతో చాక్లెట్ పానీయం పట్టుకుని నా గదిలోకి వచ్చేవారు.

"ఏమయ్యా క్రిచ్, చంద్రుడి మీద ఏదైనా కావాలి. కాస్త దిగులుగా. భోజనం వేళకి."

"ఎన్ని పాదాలు దొరా?"

"అది నన్నడుగుతావేమిటి?" అని విసుక్కుని పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకునేవారు. ప్రతిభ ఒక్కసారిగా పొంగాక మనిషికి అలసట రాదూ! పడుకునేవారేమో అనుకునేవాణ్ణి. గొప్పవాళ్ళ ఇళ్ళలో దీన్ని చెప్పి రాయించడం అంటారు. ఆయన చెప్పారు, నేను రాశాను. మధ్యలో రెండువందల పాదాలు ఎక్కడినుంచి వచ్చాయని ఆరా తీయడం మర్యాద కాదు.

నేను మాత్రం ఊరికే రాశానా? నా ఆశ నాకుంది. దొరవారి సొంత ఊరు నెదర్ స్లాటన్. అక్కడి ముసలి పాదిరి పోయి పదకొండేళ్ళయింది. కొత్త పాదిరిని నియమించే హక్కు దొరవారిది, ఆపైన బిషప్ గారు సరేననాలి. నేను ఆ చదువు చదివినవాణ్ణే. పాదిరి పనితోపాటు ఇల్లొస్తుంది, ఇల్లొస్తే డార్కస్ పిమ్‌ని పెళ్ళి చేసుకోవచ్చు. డార్కస్ దొరవారి పాడిశాలలో జున్ను చేస్తుంది. "ఈ పుస్తకం ఒక్కటీ కానీవయ్యా, ఆ చర్చి నీదే" అని దొరవారు మొదటి ఏడే మాటిచ్చారు. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే మాట ఇచ్చారు. మాట మార్చే మనిషి కాదాయన.

"నేను మాగబెట్టిన జున్ను కూడా ఇన్నేళ్ళు మాగలేదు బార్నబీ," అంది డార్కస్ ఒకరోజు. "ఆ పారశీక రాణి చచ్చేదెప్పుడు, మన పెళ్ళయ్యేదెప్పుడు?"

"ఐదో అంకంలో చస్తుంది డార్కస్."

"నాలుగో అంకంలోనే చంపెయ్యకూడదూ? ఎవరడ్డొచ్చారు?"

సాహిత్యం తెలియని మనిషి! కానీ ఆ మాట నా మనసులో పడిపోయింది. అక్టోబరు పద్నాలుగో తేదీన, జోరున వాన కురుస్తుండగా, నాలుగో అంకం రాస్తూ రాణికి విషం ఇప్పించేశాను. గోడకవతల దొరవారి గదిలో కూడా కలం గీరుతున్న చప్పుడు వినబడింది. ఎవరికో ప్రేమలేఖ రాసుకుంటున్నారు కాబోలు అనుకుని నవ్వుకున్నాను.

నాటకం పూర్తయింది. ఇక అచ్చువేయాలి. మా దేశంలో దీనికొక ఆచారం ఉంది. గొప్పింటివాడు తన పుస్తకం తనే అచ్చువేయించుకుంటే నామోషీ, సంతలో కూరగాయలు అమ్ముకున్నట్టే లెక్క. అదే ఎవరైనా దొంగిలించి అచ్చువేస్తే? అబ్బో, అంతకన్నా గౌరవం లేదు! కనక ప్రతిసారీ దొరవారు రాతప్రతిని బల్లమీద పెట్టి, "క్రిచ్, నేను తోటలోకి వెళ్తున్నా. రెండు గంటలదాకా రాను. తాళంచెవి ఇక్కడే మరిచిపోయాను" అని గట్టిగా చెప్పి వెళ్ళేవారు. నేను దొంగిలించేవాణ్ణి. లండన్‌లో అచ్చుకూటం నడిపే ఫెన్నర్, 'ఈ ప్రతి దైవికంగా నా చేతికి చిక్కింది, దొరవారికి తెలిస్తే నన్ను బతకనివ్వరు' అని ముందుమాట వేసేవాడు. ఆ ముందుమాట రాసిందీ నేనే. పుస్తకం రాగానే దొరవారు జేబులో రెండు ప్రతులు పెట్టుకుని రాజసభకు వెళ్ళి, నన్ను బజారుకీడ్చారు మహాప్రభో అని రెండు వారాలు చిందులు తొక్కేవారు.

ఈసారి ఆ చిందుల మధ్యలో ఒక ముసలి డచెస్ అడ్డుతగిలింది.

"వెండ్రిడ్జ్, నాయనా, ఇది తొమ్మిదోసారి. నీ ఇంట్లో దొంగ ఎవరో ఇంకా తెలుసుకోలేదా? ఒక దొంగను పట్టలేనివాడివి రాజ్యాన్నేం కాపాడతావు?"

సభంతా గొల్లున నవ్వింది. దొరవారు మొహం మాడ్చుకుని ఇంటికొచ్చారు.

"క్రిచ్, ఒక దొంగ కావాలయ్యా," అన్నారు. "చిన్న కాగితం. తప్పు ఒప్పుకుంటున్నట్టు. కాస్త కన్నీళ్ళు పెట్టించేలా రాయి."

"దొరా, దొంగనని రాసిచ్చినవాడికి బిషప్ గారు చర్చి ఎలా ఇస్తారు?"

"అది తర్వాత చూద్దాంలే. భోజనం వేళకి కావాలి."

తిన్నగా పాడిశాలకు వెళ్ళి డార్కస్‌తో చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"పదకొండేళ్ళు రాణుల ఏడుపు రాశావు," అంది. "ఇవాళ నీ ఏడుపు రాయి."

రాశాను. 'ఆ కాగితాలు కాజేసింది నేనే. ఒకడు ఏళ్ళ తరబడి వేళ్ళు అరిగేలా రాసుకున్నదాన్ని అదను చూసి ఎత్తుకెళ్ళాను. ఆ మనిషి మొహం చూసే ధైర్యం నాకు లేదు' అని ఇలా పేజీన్నర. నిజం చెబుతున్నా, నాకే కళ్ళు చెమర్చాయి. దొరవారి బల్లమీద పెట్టి వచ్చేశాను. కింద నా పేరు పెట్టడం మాత్రం మరిచాను. పదకొండేళ్ళలో దేనికిందా పెట్టలేదు కదా, అలవాటు తప్పింది!

దొరవారికీ ఒక అలవాటుంది. నా దస్తూరీలో ఏ కాగితం కనబడినా చదివి, మైమరచి, "ఎంత బాగా రాశానయ్యా!" అని కింద వెండ్రిడ్జ్ అని సంతకం గిలికేస్తారు. అదే చేశారు. ఆపైన అంత చక్కటి వచనం వృథా కాకూడదని ఫెన్నర్‌కి పంపించారు. దొరవారి సంతకం ఉన్నాక ఫెన్నర్ ఎందుకు ఆగుతాడు? నాటకం రెండో ముద్రణ మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో వేసి పారేశాడు.

నాలుగు రోజుల్లో లండనంతా చదివింది. డచెస్ చేతికర్ర ఊపుకుంటూ దొరవారి దగ్గరికే వచ్చిందట.

"దొంగవి నువ్వేనన్నమాట! పోనీలే, ఒప్పుకున్నావు. ఇంతకీ ఎవరి దగ్గర దొంగిలించావు నాయనా?"

పాపం, దొరవారు ఏమని చెబుతారు? అది నేను రాయలేదంటే, మరి తక్కినవి ఎవరు రాశారని అడగరూ? అందులో గూఢార్థం ఉందని చెప్పి బయటపడ్డారు. ఇంటికి రాగానే నా చేతిలో నియామకపత్రం పెట్టారు.

"వెళ్ళవయ్యా క్రిచ్! ముందు నువ్వు లండన్‌కి దూరంగా వెళ్ళు. ఎవరితోనూ మాట్లాడకు."

బిషప్ గారు కాసేపు సందేహించారు. "నువ్వేదో దొంగతనం చేశావని విన్నానే?" అన్నారు. పుస్తకం తెరిచి మొదటి పేజీ చూపించాను. "దొరవారే స్వయంగా ఒప్పుకున్నాక మధ్యలో నువ్వెవరివయ్యా?" అని ఆశీర్వదించి పంపారు.

అలా నేను పాదిరినయ్యాను. డార్కస్‌కీ నాకూ పెళ్ళైంది, ఇల్లూ వచ్చింది. ఇల్లంటే మామూలు ఇల్లు కాదు, చలి కాచుకునే పొయ్యిలు మూడున్న ఇల్లు! శీతాకాలం మూడూ రాజేసి, ఒకదాని ముందు నేనూ, ఒకదాని ముందు డార్కస్, మూడోదాని ముందు పిల్లీ కూర్చోవాలని పెళ్ళికి ముందునుంచీ అనుకున్నాం.

మొన్న సోమవారం ఒక మనిషి తలుపు తట్టాడు. అడక్కుండానే లోపలికొచ్చి, బూట్ల బురదతో గదిగదీ తిరిగి, పొయ్యిలు చూసి, వాటన్నిటికీ పన్ను కట్టాలని ఒక చట్టం కాగితం నా చేతిలో పెట్టాడు. మూడింటికీ కట్టే స్తోమత పల్లెటూరి పాదిరికి ఎక్కడిది? డార్కస్ ఆ రోజే ఇటుకలు తెప్పించి, రెండు పొయ్యిలు మూసెయ్యడానికి కూర్చుంది.

"దొరవారు రాతల్లో ఉన్నంతకాలం పన్నులుండవన్నావుగా?" అంది, ఇటుక మీద సున్నం పూస్తూ.

"అవును మరి."

"ఆయన రాసిందెక్కడ? రాసింది నువ్వు. నువ్వు రాస్తుంటే ఆ గదిలో తలుపేసుకుని ఆయనేం చేసినట్టు?"

కాగితం చివర తేదీ చూశాను. అక్టోబరు పద్నాలుగు, నేను రాణికి విషం ఇప్పించిన రోజు. కింద వెండ్రిడ్జ్ అని సంతకం. పై నుంచి కిందిదాకా దస్తూరీ కూడా ఆయనదే! సొంత ఊరు కనక అసలు ప్రతే పంపినట్టున్నారు.

ఇన్నేళ్ళలో దొరవారు స్వయంగా రాసిన రచన నాకు చిక్కింది ఇదొక్కటే. ఆత్రంగా చదివాను. చంద్రుడు లేడు, రాణి లేదు, కన్నీళ్ళు లేవు. ఇటుకలతో మూసేసినా పొయ్యి పొయ్యేనట, పన్ను తప్పదట! పదకొండేళ్ళుగా ఆయనకు ఆ చేతులు ఖాళీ చేసిపెట్టింది నేనే.

నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. దొరలు గ్రంథాలు రాయాలి. రాణుల కోసం వాళ్ళే ఏడవాలి. రాయసగాణ్ణి మాత్రం పెట్టుకోనివ్వకండి!

ఆ చట్టం డార్కస్ వినాలని మొదటినుంచీ పైకి చదివాను. ఆమె చేతిలోని ఇటుక కింద పెట్టేసింది. ఎంత వెతికినా అందులో ఒక్క అనవసరపు మాట లేదు.