తెల్ల క్యాంపరు కోసం వేట

ఆ ఉదయం పని ఒక్కటే. పది గంటల్లోగా కౌంటీ సంతకు చేరి, ఆర్లీన్ చేసిన క్యారెట్ కేకును పోటీ బల్ల మీద పెట్టాలి. ఏటా న్యాయనిర్ణేతలు రుచికి లొట్టలేసి, కేకు పైన క్రీము చెదిరిందని రెండో బహుమతి చేతిలో పెట్టేవారు. ఈసారైనా మొదటి బహుమతి నీలం రిబ్బను రాకపోతే ఇక పొయ్యి ముట్టనని ఆర్లీన్ ఒట్టేసుకుంది. ఆమె భర్త డెల్బర్ట్ రిటైరైన పోస్ట్‌మన్. ఏ ఊరు వెళ్లినా రేడియో స్కానరులో అక్కడి పోలీసుల మాటలు వినకపోతే ఆయనకు బండి నడిపినట్టే ఉండదు.

దారిలో పెట్రోలు బంకులో ఆగి, తమ క్యాంపరులో, అంటే ఆ ఇల్లులాంటి బండిలో, ఉన్న అలమారలోంచి స్కానరు యాంటెన్నా తీసి బిగించుకున్నాడు. మొక్కజొన్న చేలలోకి వచ్చేసరికి స్కానరు ఫైరింజను ఛానెలు వదిలి షెరీఫు పోలీసుల మాటల మధ్యలో వాలింది. తెల్ల క్యాంపరు, వెనక రెండు సైకిళ్లు, ముసలి జంట, కనబడితే ఆపండి అంటున్నారు.

"పాపం, దొంగలు మన ఈడు వాళ్లే" అన్నాడు డెల్బర్ట్.

"మన బండీ తెల్లదే. వెనక సైకిళ్లూ ఉన్నాయి" అంది ఆర్లీన్.

"అందుకే దొరక్కూడదు. మనమే అనుకుని ఆపితే, కాగితాలన్నీ చూసి వదిలేసరికి పోటీ అయిపోతుంది. నా చెవులున్నాయిగా, నిశ్చింతగా కూచో."

ఆ చెవుల పుణ్యమా అని షెరీఫు కారు ఎటు వస్తోందో ముందే తెలిసిపోయేది. అది ఎదురొస్తే ఈయన కంకర రోడ్డులోకి తిరిగేవాడు. ఆ బండి తప్పించుకు తిరుగుతోంది, ఇంకో కారు పంపమని రేడియోలో అడిగారు. గట్టి పిండాలేనని దొంగలను మెచ్చుకుంటూ డెల్బర్ట్ ఒక రైతు గాదె వెనక్కి పోనిచ్చాడు. అక్కడ చక్రం బురదలో దిగబడింది.

కేకు ఎలా ఉందోనని ఆర్లీన్ వెనక్కి వెళ్లి చూసి వచ్చింది.

"యాంటెన్నా కోసం కేకు డబ్బా బయటికి తీశావు. మళ్లీ లోపల పెట్టావా?"

పంపు పక్కన ఉన్న డబ్బా డెల్బర్ట్ కళ్లకు కట్టింది. అంతలో స్కానరు పలికింది.

"బంకులో మరిచిపోయిన కేకు సంతకు చేర్చాం. ఆ తెల్ల క్యాంపరు జంటే ఇంకా దొరకలేదు."

బండిని బురదలోంచి లాగడానికి ట్రాక్టరుతో వచ్చిన రైతు, పొద్దుట్నుంచీ వంటింటి స్కానరులో ఊరంతా మీ కథే వింటోందన్నాడు.

"చెవులు రెండూ బాగానే పనిచేస్తున్నాయి. వాటి మధ్య ఉన్నదే మొరాయించింది" అన్నాడు డెల్బర్ట్.

సంతకు చేరేసరికి కేకు పక్కన నీలం రిబ్బను ఉంది. ఆర్లీన్ కళ్లు తుడుచుకుంది. క్రీము ఈసారి ఇంత నున్నగా ఎలా కుదిరిందని అందరూ అడిగారు.

"ఈసారి కేకు మా ఆయన బండిలో రాలేదు" అంది ఆర్లీన్.