పన్నెండు మిల్లీమీటర్ల వాన

ఆ సోమవారం పొద్దున్న కాలువ ఆఫీసు గుమాస్తా పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. డాబా మీదికెక్కి, వానకొలత డబ్బా ఖాళీగా ఉందని చూసి, రిజిస్టరులో సున్నా వేసి, దిగొచ్చి కాఫీ తాగడం. కింద కాపురం, పైన ఆఫీసు, ఆ పైన డాబా. నాలుగు నెలలుగా అదే మెట్లు, అదే సున్నా.

ఆరోజు డబ్బాలో నీళ్లున్నాయి. కొలగ్లాసులో పోసి చూస్తే పన్నెండు మిల్లీమీటర్లు. మళ్లీ పోసి చూసినా అంతే. గుమాస్తాది మొద్దు నిద్ర, పక్కన పెళ్లి బాజా మోగినా లేవడు. కాబట్టి తాను పడుకున్నప్పుడు వాన పడి వెళ్లిందని తేల్చుకుని, సంతోషంగా అంకె వేశాడు.

ఆరేసిన బట్టలు తడవలేదని భార్య అంది. వాకిట్లో దుమ్ము దుమ్ముగానే ఉందని కూడా అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మనిషి, వింటాడా? డబ్బా చెప్పాక బట్టల సాక్ష్యం ఎవడిక్కావాలన్నాడు.

ఆ ఇంట్లో ముందురోజు కొత్తగా జరిగింది ఒక్కటే, అత్తగారు దిగడం. ఆవిడ నీటి చుక్కను పారబోసే మనిషి కాదు. తెల్లవారకముందే లేచి, బియ్యం కడిగిన నీళ్లన్నీ గిన్నెకెత్తి, డాబా మీద టమాటా కుండీలకు మోసుకెళ్లి పోసేది. ఈ సంగతి అల్లుడికి తెలియదు. ఆయన లేచేసరికి ఆవిడ కిందికొచ్చి కూరగాయలు తరుగుతూ ఉండేది.

ఆ ఏడు నది సన్నబడింది. అందుకని ఇంజినీరు ఒక ఉత్తర్వు వేశాడు. వారంలో ముప్పై మిల్లీమీటర్లు దాటి వాన పడితే ఆ వారం కాలువకు నీళ్లు వదలకూడదు, నదిలోనే ఉండనివ్వాలి. మంచి ఉత్తర్వే. కాకపోతే వాన పడిందో లేదో చెప్పే అధికారం మబ్బుకు లేదు, రిజిస్టరుకే ఉంది. ఇంజినీరు కూర్చునేది ఎక్కడో దూరాన ఉన్న పట్నంలో. రోజుకు పన్నెండు చొప్పున వారానికి ఎనభై నాలుగు అందేసరికి ఆయన తూము మూయించాడు.

తూము మూసిన రెండో రోజే బావమరిది ఫోన్ చేశాడు. ఆ కాలువ కిందే అతనికి రెండెకరాల మొక్కజొన్న ఉంది. పూతకొచ్చిన పంట, ఇప్పుడు తడి అందకపోతే కంకిలో గింజ ఉండదు.

"బావా, ఇక్కడ చినుకు లేదు. నేల నెర్రెలిచ్చింది."

"నీ చేలో లేకపోవచ్చు. రిజిస్టరులో ఉంది," అన్నాడు గుమాస్తా.

ఈ మాట అత్తగారి చెవిన పడింది. కన్నకొడుకు పంట ఎండబెడుతున్న అల్లుడితో ఆవిడ మాటలు మానేసింది. ఉప్పు కావాలన్నా కూతురి ద్వారా కబురే. పొద్దున్నే గిన్నె పట్టుకుని డాబా ఎక్కడం మాత్రం మానలేదు.

అల్లుణ్ణి నమ్ముకుంటే లాభం లేదని కొడుక్కి తనే ఫోన్‌లో పాఠం మొదలుపెట్టింది. సాళ్ల మధ్య ఎండుగడ్డి పరిపించింది. చేను నిండా నీళ్లు పెట్టే అలవాటు మాన్పించి, బావిలో ఉన్న కాసిని నీళ్లే సాలు విడిచి సాలుకు, అదీ చల్లటి పూట, మొదళ్లకే పోయించింది. పక్క రైతులు మొదటి వారం నవ్వారు. రెండో వారం గడ్డి అడగడానికి వచ్చారు.

ఇక్కడ గుమాస్తాకు ఒక అనుమానం మొదలైంది. వాననీళ్లు తెల్లగా ఉంటున్నాయి. ఉన్నది రాయడం ఆయన ధర్మం కనుక రిమార్కుల గడిలో ఆ ముక్క రాశాడు. ఏ ఫ్యాక్టరీ పొగో కలుస్తోందని ఇంజినీరు కంగారుపడి, ఒక సీసా తెప్పించి పరీక్షకు పంపాడు.

తూము మూసిన మూడో వారం ఒక పొద్దున్నే ఇంజినీరు జీపు వాకిట్లో ఆగింది. వెనకాలే బావమరిదీ దిగాడు. గుమాస్తా అప్పుడే కళ్లు నులుముకుంటున్నాడు. ఇంజినీరు కాగితం చూపించాడు.

"కాలుష్యమేమీ లేదయ్యా. బియ్యప్పిండి ఉందట. మబ్బుల్లో బియ్యం ఎవరు కడుగుతున్నారు?"

గుమాస్తా రిజిస్టరు తెచ్చి చూపించాడు. డబ్బా తన కళ్లతోనే చూస్తానని ఇంజినీరు మెట్లెక్కితే అందరూ వెంట నడిచారు. డాబా మీద అత్తగారు కుండీలకు పోయడం ముగించి, గిన్నెలో మిగిలిన నీళ్లు గ్లాసు నిండా ఎత్తి, వానకొలత డబ్బా గరాటులో జాగ్రత్తగా వంపుతోంది.

ఇదేమిటమ్మా అని ఇంజినీరు అడిగాడు.

"పిట్టలకు బాబూ. ఈ తొట్టి ఎండిపోయి ఉంటే ఈ ఇంట్లో ఒక్కరికీ పట్టలేదు. మూతి ఇంత సన్నంగా ఉంటే అవెలా తాగుతాయని నాకూ అనిపించింది. ఆఫీసువాళ్లు చేయించింది కదా, ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను."

గుమాస్తా గరాటు తీసి కొలిచాడు. పన్నెండు. తన ఉద్యోగం ఆ గ్లాసులోనే తేలుతున్నట్టు కనబడింది. విషయం అర్థమయ్యాక అత్తగారు పిట్టగోడ మీద కూలబడింది.

"అయితే నా బిడ్డ కాలువ మూయించింది నేనా? ఇన్నాళ్లూ అల్లుణ్ణి తిట్టుకున్నానే," అని కళ్లు ఒత్తుకుంది. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది.

బావమరిది తల్లి పక్కన కూర్చున్నాడు. "పంటకేం కాలేదమ్మా," అని, ఇంజినీరు వైపు తిరిగాడు. "సార్, నేనొచ్చింది పోట్లాటకు కాదు. గింజ పాలుపోసుకుంటోంది. ఇప్పుడు కాలువ వదిలినా మాకు సగం నీళ్లు చాలు."

ఇంజినీరు నమ్మలేదు. వెళ్లి చేలో గడ్డి ఎత్తి చూశాడు. కింద మట్టి చల్లగా, తడిగా ఉంది. నది మీది ఆనకట్ట దగ్గరికి వెళ్తే ఇన్నాళ్లూ వదలని నీళ్లు అలాగే ఉన్నాయి. కాలువ పొడుగునా కోత దాకా సరిపోతాయి. పైగా వానలు బాగున్నాయని ఆయన ఇప్పటికే పైవాళ్లకు రాసేశాడు. పంపిన వానను వెనక్కి పిలవడం ఏ ఆఫీసు వల్లా కాదు. అందుకని మొత్తాన్ని నీటి పొదుపు ప్రయోగమని రాసి, సంతకం పెట్టి, గుమాస్తా ఉద్యోగాన్నీ తన పరువునూ ఒకే కాగితంతో కాపాడుకున్నాడు. ఆ మధ్యాహ్నం అత్తగారు అల్లుడికి కొసరి కొసరి వడ్డించింది.

కాలువకు ఇక సగం నీళ్లే వదలాలని, అందరూ చేలల్లో గడ్డి పరచాలని వారంలో ఉత్తర్వు వచ్చింది. దాని చివర ఇంకో వాక్యం ఉంది. డబ్బాలో నీళ్లు కనబడితే, అవి తాను పోసినవి కావని అత్తగారు సంతకం చేస్తేనే అంకె వేయాలి.

నెల తర్వాత ఒక పొద్దున్న కుండపోతగా వాన కురిసింది. డబ్బా నిండి పొర్లింది. అత్తగారు కోత చూడడానికి కొడుకు దగ్గరికి వెళ్లి ఉంది. గుమాస్తా డాబా దిగి, తల తుడుచుకుని, రిజిస్టరులో సున్నా వేశాడు.